ముందే అన్న ఆమెన్

అమ్మ కోసం తార్నాకలో నీలగిరి తైలం కొన్నాను. ఇంటికొచ్చి మూత తీయగానే యూనివర్సిటీ క్యాంపస్‌లోని మా పాత క్వార్టర్, అందులో నాన్న మంచం గుర్తొచ్చాయి.

నాన్న అక్కడి లైబ్రరీలో క్లర్కు. కిడ్నీలు పాడై అప్పటికి రెండేళ్లు. డయాలసిస్ చేయించుకొచ్చిన సాయంత్రాలు అమ్మ ఆయన కాళ్లకు ఈ తైలమే రాసేది. తర్వాత ప్రార్థన. నాన్న చేస్తే, చివర్లో అమ్మా నేనూ ఆమెన్ అనాలి. "నన్ను బాగు చెయ్యి ప్రభువా" అని అడిగి, వెంటనే "అయినా నీ చిత్తమే కానీ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఇవ్వకపోయినా ఫర్వాలేదని ఈయనే చెప్తుంటే దేవుడెందుకు ఇస్తాడు?

అందుకే ఒకరోజు "బాగు చెయ్యి ప్రభువా" అనగానే గట్టిగా "ఆమెన్!" అనేశాను. ఆమెన్ అంటే ప్రార్థన అయిపోయినట్టే కదా. అమ్మ తొడపాశం పెట్టింది.

"గంత తొందరేంది బిడ్డా?" అన్నాడు నాన్న, కళ్లు తెరవకుండానే.

"నువ్వు ఆ మాట అనకు డాడీ. అంటే బాగు చెయ్యడు."

"చెయ్యకున్నా ఆయన్ని ఇడిసి యాడికి పోత బిడ్డా?"

"అయినా నీ చిత్తమే కానీ" అని కూడా చెప్పే ప్రార్థన ముగించాడు.

ఆ వానాకాలంలోనే నాన్న పోయాడు. నేనన్నదే నిజమైందని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇప్పుడు మంచం మీద అమ్మ ఉంది. కాళ్లకు తైలం రాసి, ప్రార్థన మొదలుపెట్టాను. "అమ్మను బాగు చెయ్యి ప్రభువా" అని ఆగాను. ఆమెన్ అంటుందేమోనని అమ్మ వైపు చూశాను.

అమ్మ కళ్లు మూసుకుని, నాన్న చివర్లో అనే ఆ మాట కోసం ఎదురుచూస్తోంది.