చీమలు పట్టిన స్ఫటికం

ఆ రోజుల్లో మా జిల్లాలో ఇంటర్ గట్టెక్కిన ప్రతివాళ్ళూ కంప్యూటర్ల వైపు పరిగెడుతుంటే, నేను మాత్రం రాళ్ళను చదువుకున్నాను. ఎందుకు చదివానంటే ఇప్పటికీ సరైన సమాధానం లేదు. యూనివర్సిటీవాళ్ళు పోనీలే పాపం అనుకున్నట్టు గోల్డ్ మెడల్ కూడా ఇచ్చారు. (మా నాయనమ్మ దాన్ని పంటితో కొరికి చూసి, "ఇది బంగారం కాదే పిల్లా" అని తేల్చేసింది. వస్తువును పరీక్షించాకే మాట్లాడాలన్న ఆవిడ శాస్త్రీయ దృష్టి నాకు ఒంటబట్టి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు.) ఆ మెడల్ పుణ్యమా అని ఇరవైమూడేళ్ళకే ఒంగోల్లో ఒక కాలేజీలో తాత్కాలిక లెక్చరర్ ఉద్యోగం దొరికింది. అసలు ఆ ఖాళీ ఎలా వచ్చిందంటే, ముప్ఫయ్యేళ్ళుగా అక్కడ భూగర్భశాస్త్రం చెప్పిన పెద్దమాష్టారు, షుగర్ వ్యాధితో కాలి పుండు మానక, రెండు నెలల క్రితమే పోయారు. ఆయన కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఇంకా ఆయన వంపులోనే ఉండేది. నాకు ఏ రోజూ కుదరలేదు.

డిపార్ట్‌మెంటులో మిగిలినవి మూడు: నలుగురు విద్యార్థులు, ఒక మ్యూజియం, దాన్ని చూసుకునే అటెండరు రాళ్ళ బాబాయి. మ్యూజియమంటే కెమిస్ట్రీ ల్యాబు వెనక పొడవాటి చీకటి గది. ఆరు అద్దాల బీరువాలు, మధ్యలో ఒక అద్దాల బల్ల. నత్తలా చుట్టుకుపోయిన శిలాజాలు, వేమవరం పొరరాళ్ళ మీద అచ్చుపడిన కోట్ల ఏళ్ళనాటి ఆకులు, మార్కాపురం పలకలు, చీమకుర్తి నల్లరాయి, అభ్రకం రేకులు, ముగ్గురాళ్ళు. అన్నీ పెద్దమాష్టారు ఏరి తెచ్చినవి, బాబాయి మోసుకొచ్చినవి. అంతకుముందు వచ్చిన తుపానుకు పైకప్పు కారి, మైదా జిగురుతో అంటించిన చీటీలన్నీ చెదలు తినేశాయి. పేర్లు పోయిన రాళ్ళు, అయినవాళ్ళు దిగబెట్టి వెళ్ళిన ముసలివాళ్ళలా, ఎవరో వచ్చి పలకరిస్తారని చూస్తున్నట్టుండేవి.

ఇంతలో కోర్సు ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి కమిటీ వస్తోందని కబురొచ్చింది. ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, "పిల్లల్ని చూస్తే ఎలాగూ మూసేస్తారమ్మా. రాళ్ళను చూసైనా మనసు మారుతుందేమో, కాస్త చూడు" అన్నారు. పది రోజులు కూర్చుని చీటీలన్నీ మళ్ళీ రాశాను. బాబాయికి ఇంగ్లీషు రాదు గానీ ప్రతి రాయీ తెలుసు. "ఇది వేమవరం ఆకమ్మా. ఆ రోజే మాష్టారికి వడదెబ్బ కొట్టింది." "ఇది చీమకుర్తిది. దీన్ని మొయ్యబట్టే నా నడుం పట్టేసింది." ఇదేం వర్గీకరణ అని నేను లోలోపల నవ్వుకునేదాన్ని. సాయం చెయ్యబోతే, "నేను చూసుకుంటాలే బాబాయ్, చదువుకున్నాను కదా" అనేదాన్ని. (ఆ 'చదువుకున్నాను కదా' అన్న మాట ఇప్పుడు గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా సిగ్గేస్తుంది.)

కమిటీ రావడానికి ముందురోజు మూడో బీరువా అడుగు సొరుగులో, మూతచుట్టూ మైనం పూసిన రేకు డబ్బా ఒకటి కనిపించింది. తెరిస్తే దూదిలో పిడికిలంత స్ఫటికం! పలకలు పలకలుగా, లేత తేనెరంగులో మెరుస్తోంది. బాబాయి మొహం పాలిపోయింది.

"అమ్మా, దాన్ని అక్కడే ఉండనీయండి."

"ఎందుకు బాబాయ్?"

"అది... మాష్టారి సొంతానిది."

"మ్యూజియంలో సొంతమేమిటి? ఇంత మంచి నమూనాను సొరుగులో దాస్తారా?"

"మీకు తెలీదమ్మా, అది..."

"నాకు తెలుసులే" అనేశాను. స్ఫటికం మధ్యలో తెల్లటి దారంలాంటిది అడ్డంగా సాగి ఉంది. మా జిల్లాకు ఆనుకునే రాతినార గనులు, అదే ఆస్బెస్టాస్ గనులు, ఉన్నాయి కదా! ఆ నార స్ఫటికంలో చిక్కుకుందన్నమాట. గోటితో గీకినా బండారం బయటపడేది. అంత అందమైనదాన్ని గీకడానికి చెయ్యి రాలేదని తర్వాత అందరికీ చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకు అనుమానమే రాలేదు. 'రాతినార పోగు గల అరుదైన స్ఫటికం' అని గుండ్రటి అక్షరాలతో చీటీ రాసి, మధ్య బల్లలో నడిమధ్యన పెట్టాను.

మర్నాడు పదింటికి ముగ్గురొచ్చారు. ఇద్దరు గోడ గడియారం చూస్తూ నడిచారు. మూడో ఆయన తలపండినవాడు, మెడలో తాడుకు భూతద్దం వేలాడుతోంది. ఆయన మాత్రం వేమవరం ఆకుల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నాలో ఆశ పుట్టింది. "ఇటు రండి సార్, అసలైంది ఇక్కడుంది" అని మధ్య బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

కిటికీ లోంచి నల్లటి గీత ఒకటి గోడ దిగి, నేల దాటి, బల్ల కాలెక్కి, అద్దం పగిలిన మూలలోంచి దూరి, నా అరుదైన స్ఫటికాన్ని చేరుకుంది. ఆ గీత కదులుతోంది.

"చీమలమ్మా ఇవి" అన్నారు పెద్దాయన.

"అవునండి. రాయి చల్లగా ఉంటుంది కదండి, అందుకని..." అన్నాను. (చీమలు కూడా ఒక్క క్షణం ఆగి నన్ను చూశాయనిపించింది.)

ఆయన వేలు తడిచేసుకుని స్ఫటికాన్ని రుద్ది నాలుక్కి రాసుకున్నారు. భూగర్భశాస్త్రంలో అది పాత పద్ధతే. తర్వాత చాలా మర్యాదగా అడిగారు. "ఇది ఎక్కడ దొరికిందమ్మా?"

"ఆ వివరం ఇంకా తెలియదండి."

"కిరాణా కొట్లో దొరుకుతుంది. కలకండ ఇది. ఆ దారం వేసే గడ్డ కట్టిస్తారు."

గడియారం చూస్తున్నవాళ్ళిద్దరూ పగలబడి నవ్వారు. ప్రిన్సిపాలుగారు పైకప్పు ఎక్కడ కారుతోందో పరిశీలించసాగారు. నాకు ఆ పొరరాళ్ళలో ఒక పొరగా మారిపోతే బాగుండుననిపించింది. అప్పుడు గుమ్మం దగ్గర వెక్కిళ్ళు వినిపించాయి. రాళ్ళ బాబాయి.

"అమ్మాయిగారి తప్పు లేదయ్యా. నేనే తెచ్చిపెట్టాను. ఇంట్లో అమ్మగారు తీపి ముట్టనివ్వరని, మాష్టారు ఇక్కడ దాచుకునేవాళ్ళు. రోజూ చిన్న ముక్క. వద్దంటే చిన్నపిల్లాడిలా అలిగేవాళ్ళయ్యా. నేనే... నా చేత్తోనే..."

నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన బాబాయి భుజం తట్టి వెళ్ళిపోయారు.

కోర్సు మూసేస్తున్నట్టు నెల తిరక్కుండానే కాగితం వచ్చింది. నా వల్లేనని ఏడిస్తే ప్రిన్సిపాలుగారు, "నలుగురు పిల్లలున్నచోట నీ కలకండ కొత్తగా చెడగొట్టేదేముందమ్మా" అని ఓదార్చారు. నాకు ఓదార్పు దొరికింది గానీ బాబాయికి దొరకలేదు. అన్నం సయించడం లేదని, మాష్టారు కలలోకొస్తున్నారని అనేవాడు. చివరికి ఒక సాయంత్రం, "అమ్మగారికి చెప్పేస్తానమ్మా. ఒక్కణ్ణే వెళ్ళలేను, తోడు రండి" అన్నాడు.

మాష్టారి ఇంట్లో అమ్మగారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. బాబాయి మెట్టు మీదే కూర్చుని డబ్బా ముందు పెట్టాడు. ఆవిడ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేశారు.

"ఇది మిగిలిందా?" అన్నారు.

బాబాయి తలెత్తాడు.

"నాకు తెలియదనుకున్నావా? రోజూ చొక్కా జేబులో చీమలు దులిపింది ఎవరు? ఇంటికొచ్చి, 'ఈ వేళ రాళ్ళతో సరిపోయిందోయ్' అనేవారు. తీపి తిన్నట్టు తెలియకుండా నమిలేవారు కాబోలు, నోట్లోంచి యాలకుల వాసన." ఆవిడ నవ్వబోయారు, సగంలో ఆగిపోయింది. "గట్టిగా అడగాల్సింది. అడిగితే ఆ ఒక్క సరదా కూడా పోతుందని ఊరుకున్నాను. తెచ్చింది నువ్వు, చూసీ ఊరుకుంది నేను. ఎవరి పాపం ఎంతో ఎవరు తేలుస్తారు చెప్పు?"

బాబాయి మొహం కండువాలో దాచుకున్నాడు. ఆవిడ లోపలికెళ్ళి ఇద్దరికీ మజ్జిగ తెచ్చారు. తాగి వచ్చేశాం. బాబాయి వీధి చివర సోడాబండి దగ్గర ఆగి, "ఆకలేస్తందమ్మా" అన్నాడు.

కోర్సుతో పాటు మ్యూజియాన్నీ ఎత్తేశారు. రాళ్ళను చుట్టుపక్కల హైస్కూళ్ళకు పంచెయ్యమన్నారు. కట్టడానికి ఏమీ లేకపోతే, ప్రిన్సిపాలుగారు ఎవరో రైతునడిగి పాత మిరపకాయల గోతాలు తెప్పించారు. ఒక్కొక్కటి దులుపుతుంటే ఘాటు గదంతా కమ్ముకుంది. నేనూ బాబాయీ తుమ్ముతూ, దగ్గుతూ, ధారగా కళ్ళు కారుతూ, ఆకుల్నీ నత్తల్నీ గోతాల్లోకి సర్దాం. అందులో మిరపఘాటు వాటా ఎంతో, మా వాటా ఎంతో ఒకరినొకరం అడగలేదు. కనిగిరి వైపు వెళ్ళే ఆఖరి గోతానికి, ఏ రాయి ఏ ఊరిదో, ఏ ఎండలో ఏరారో బాబాయి చెబుతుంటే, నేను బుద్ధిగా తెలుగులో చీటీ రాశాను.

ఆ సాయంత్రం గుంటూరు బస్సెక్కాను. నా ఎర్రటి కళ్ళు, వాచిన ముక్కు చూసి కండక్టరు జాలిగా అడిగాడు. "మిరపకాయల కొట్లో పనామ్మా?"

గోల్డ్ మెడలిస్టును, లెక్చరర్ను, ఎన్ని చెప్పుకోవచ్చు! "అవునండి, ఇవ్వాళ్టితో అయిపోయింది" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది, అప్పటి నేనైన ఆ ఇరవైమూడేళ్ళ పిల్ల. పక్కన సీటు దొరికితే ఇప్పుడు వెళ్ళి కూర్చుని, ఏమీ అడక్కుండా, నా చేతి రుమాలు ఇద్దామనిపిస్తుంది.