మే నెలలో ముగిసే కిరాయి

బోరబండ రైల్వే స్టేషన్ వెనక సందులో ఒక పసుపు రంగు మేడ ఉంది. దాని గేటు పక్క గోడ మీద నీలం రంగుతో, గుండ్రటి అక్షరాల్లో ఇలా రాసి ఉంటుంది: "పై భాగము కిరాయికి ఇవ్వబడును. అడ్వాన్సు రెండు నెలలు. ఖాళీ చేయుట మే నెలలోనే." ఇల్లు నిండి ఉన్నా ఆ రాత చెరగదు. గోడకు సున్నం వేయించిన ప్రతిసారీ ఇంటి యజమాని రాజయ్య స్వయంగా కుంచె పట్టి మళ్ళీ రాస్తాడు. దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఆ అక్షరాలను మెచ్చుకుంటే మీసం సవరించుకుంటాడు.

"మరేమనుకున్నవ్? మా ఊరి బళ్ళె సదివిన. ఏడో తరగతిల సిద్దిపేట తాలూకా ఫస్టు!"

ఆ మాటలో అబద్ధం లేదు. ఊళ్ళో ఎనిమిదో తరగతి లేకపోవడం వల్ల చదువు అక్కడ ఆగిందే గానీ, ఇవాళ్టికీ రాజయ్య ఇరవయ్యో ఎక్కం కింది నుంచి పైకి కూడా అప్పజెబుతాడు. పట్నం వచ్చి ఇసుక మోశాడు, తాపీ పట్టాడు, మేస్త్రీ అయ్యాడు. మాదాపూర్ అంటే బండలూ సీతాఫలం చెట్లూ తప్ప మరేమీ లేని రోజుల్లో, ఆ బండలు పగలగొట్టి పునాదులు తీసిన జట్టులో అతనున్నాడు. ఇప్పుడు అక్కడి అద్దాల మేడల్లో ఎందరు కూర్చుని పని చేస్తున్నా, వాళ్ళ కాళ్ళ కింది కాంక్రీటులో తన చెమట ఉందని అతని లెక్క. సొంత ఇల్లు మాత్రం ఆదివారాల్లో కట్టుకున్నాడు. భార్య మల్లమ్మ మాలు కలిపి అందిస్తే తాను ఇటుక పేర్చాడు. సందులోకి మంచినీళ్ళ నల్లా తెచ్చింది రాజయ్యే. ఇన్నేళ్ళలో పోలీస్ స్టేషన్ గడప తొక్కనివాడూ రాజయ్యే. ఇవన్నీ అతను చెబుతాడు, అడిగినా అడక్కపోయినా. అయితే అతని అసలు గర్వం మాత్రం కిరాయి విషయంలో.

దానికి కారణం ఉంది. సొంత ఇల్లు లేని రోజుల్లో వాళ్ళు యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉండేవాళ్ళు. కూతురు రజితకు పదో తరగతి పరీక్షలు జరుగుతుండగా ఇంటాయన తన తమ్ముడి కోసం గది ఖాళీ చేయించాడు. సామాను మూటలు కట్టే హడావుడిలో రజిత హాల్ టికెట్ బియ్యం బస్తాలోకి పోయింది. లెక్కల పరీక్ష రోజు పిల్ల ఆ మూటలన్నీ విప్పి వెతికింది. దొరికేసరికి పరీక్ష సగం అయిపోయింది. సప్లిమెంటరీలో పాసయింది గానీ, ఆ ఏడు రావలసిన పాలిటెక్నిక్ సీటు మళ్ళీ రాలేదు. ఇప్పుడు రజిత గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్ కీపింగ్ సూపర్‌వైజరు. బాగానే ఉంది. అయినా లెక్కల పరీక్ష మాట వస్తే రాజయ్య అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోతుంది.

కిరాయి కాగితమంటే పట్నంలో అందరూ పదకొండు నెలలకే రాస్తారు. మొదట్లో రాజయ్యా అలాగే రాయించాడు. జూన్‌లో దిగిన కుటుంబానికి కాగితం ఏప్రిల్‌తో ముగిసింది. తిరగరాస్తే మార్చితో ముగిసింది. మూడోసారి రాయబోతూ చూసుకుంటే, గడువు ప్రతి ఏడూ ఒక నెల వెనక్కి జరుగుతూ సరిగ్గా పిల్లల పరీక్షల మీదికి వచ్చి కూర్చుంటోంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు సంతకాలు పెడుతూ ఇది ఎట్లా గమనించలేదో అని అతనికి ఆశ్చర్యం. అప్పటి నుంచి జూలై ఒకటిన మొదలుపెట్టి మే ఆఖరుకు ముగిసేలా రాయిస్తున్నాడు.

"మరి జూన్ సంగతేంది పెద్దాయనా?" అని అడిగాడు కాగితాలు రాసేవాడు.

"జూన్ నోటిమాట మీద."

"నోటిమాటకు స్టాంపు ఉండదు గదా!"

"రాజయ్య మాటకు స్టాంపెందుకయ్యా? నువ్వు రాయి."

అడ్వాన్సు సంగతీ అంతే. రెండు నెలలు తీసుకుంటాడు, తీసుకున్నది తీసుకున్నట్టు పోస్టాఫీసులో వేస్తాడు. బోరు ఎండిపోయినప్పుడు కూడా దాన్ని ముట్టలేదు. కిరాయిదారు ఖాళీ చేసిన రోజున సామాను బండి కదలకముందే చేతిలో పెడతాడు. రంగుల ఖర్చని ఒక నెల కోసుకోవడం అతని ఇంట్లో లేదు. గోడకు రంగు వేయడం ఇల్లుగలవాడి పని అంటాడు.

ఇలాంటి ఇంటికి పోయిన నవంబరులో పరీక్ష వచ్చింది. తెచ్చింది కన్నకొడుకు అజయ్.

అజయ్ మాదాపూర్ ఆఫీసుల ఉద్యోగులను ఇళ్ళకు చేర్చే కారు నడుపుతాడు. కారు వేరొకరిది. సొంత కారు కొనాలని అతని కోరిక. ఒక ఆదివారం వంశీ అనే అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. వంశీ మాదాపూర్ హాస్టళ్ళకు అన్నం, కూరలు వండి పంపుతాడు. మాదాపూర్‌లో కిరాయిలు భరించలేక వంటశాలను బోరబండకు మార్చాలనుకుంటున్నాడు.

"కాకా, నీ పై పోర్షన్ నాకియ్యి. పది నెలల అడ్వాన్సు ఒక్కపారే ఇస్త. అయిదేండ్లు నీకు ఫికర్ లేదు. కొత్త సంవత్సరానికి ఖాళీ చేయించియ్యి, చాలు," అన్నాడు వంశీ.

"అయిదేండ్లని కాగితం మీద రాస్తవా?"

"పదకొండు నెలలకే రాసుకుందం. తిరగరాసుకుంట పోవచ్చు. నువ్వు గూడ జూన్ నెల నోటి మీదనే నడిపిస్తవంట గద!"

"నాది ఒక్క నెల బిడ్డా. నువ్వు నాలుగేండ్లు నోట్లె పెట్టుకున్నవ్."

వంశీ నవ్వాడు. అజయ్ నవ్వలేదు. "నాయినా, పైనోళ్ళ కాగితంల రెండు నెలల నోటీసని ఉన్నది. ఇయ్యాల ఇస్తే సరిపోతది. తప్పేమున్నది?"

పై భాగంలో ఉండేది ఉమాశ్రీ. భీమవరం నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తుంది. భర్తకు విశాఖలో ఉద్యోగం, నెలకోసారి వస్తాడు. కూతురు రసజ్ఞ ఈ సందు చివర బడిలోనే పదో తరగతి.

"పైన పిల్ల పది సదువుతున్నది," అన్నాడు రాజయ్య.

"ఆ పిల్ల మన పిల్లనా?"

లోపల మల్లమ్మ తోముతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రాజయ్య కొడుకు ముఖంలోకి చూశాడు.

"మీ అక్క మన పిల్లనే గద. ఆమె కోసం ఎవడాగిండు?"

వంశీకి పరిస్థితి అర్థమైంది. వచ్చే ఆదివారం దాకా ఆలోచించుకోమని లేచాడు. అతను గేటు దాటగానే అజయ్ గొంతు పెరిగింది.

"ఆరేండ్లాయె పరాయోని బండి తోలబట్టి! వచ్చిన దాంట్ల సగం ఆయనకే పాయె. నువ్వేమో పోస్టాఫీసుల పైసలు పండవెట్టుకొని గోడల మీద రాసుకుంట కూసుంటవ్. ఇంటి మీద ఇంత అడ్వాన్సు వస్తుంటే కాలితోని తంతవా?"

అంటూనే బండి తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా ఇంట్లో అన్నం ముట్టలేదు.

మేడ మెట్ల మీదుగా మాటలు పైకి పోకుండా ఉంటాయా? సాయంత్రం ఉమాశ్రీ దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"బాబాయ్ గారూ, మావల్ల మీ ఇంట్లో గొడవ వద్దండి. ఇల్లు కావాలంటే ఇప్పుడే చెప్పేయండి. ఎక్కడో ఒక చోట చూసుకుంటాం."

"అమ్మా, మా గోడ మీద ఏం రాసున్నది?"

"ఖాళీ చేయుట మే నెలలోనే అని ఉందండి."

"తెలుగు మంచిగనే సదువుతవ్. ఇగ పైకి పో. పిల్లను సదువుకోనియ్యి."

ఆమెను పంపించాడు గానీ కొడుకు మాట రాజయ్యను వదల్లేదు. ఆరేళ్ళు పరాయి బండి నడపడం ఎలా ఉంటుందో, పరాయి ఇళ్ళు కట్టిన మేస్త్రీకి ఒకరు చెప్పాలా? అజయ్ అడిగిన కారు న్యాయమే. అడిగిన దారే న్యాయం కాదు. నియమం చెడకూడదు, కొడుకు చెడకూడదు. అలవాటు ప్రకారం టేపు తీసుకుని ఇంటి చుట్టూ తిరిగాడు. మేస్త్రీకి ఆలోచన కొలతల్లోనే వస్తుంది. పై భాగం కొలవలేదు, అది మే దాకా ఉమాశ్రీది. కింది భాగం కొలిచాడు. అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో ఏ కాగితానికీ కట్టుబడనిది, ఏ బడిపిల్లా లేనిది ఒకే ఒక్క చోటు. తానూ మల్లమ్మా ఉండే చోటు.

"మల్లమ్మా, మనం పైకి పోదమే."

"పైకంటే? దేవుని దగ్గరికా?"

"మిద్దె మీది రేకుల గదిలకు. కింది పోర్షన్ కిరాయికిద్దం."

మల్లమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా మోకాళ్ళు నీ లెక్కలల్ల ఉన్నయా లేవా?"

"ఉన్నయి. మెట్లకు రెండు పక్కల పట్టుకునేటందుకు పైపులు బిగిస్త."

"నేను మాలు కలిపి కట్టుకున్న ఇల్లయ్యా ఇది!"

"అందుకే నిన్ను అడుగుతున్న. లేకుంటే చెప్పుదును."

మల్లమ్మ మెట్ల దాకా వెళ్ళి పైకి చూసింది. చివరికి, "పైపులు ముందు బిగియ్యి. ఎక్కి చూసినంక చెప్త," అంది. రాజయ్య మర్నాడే బిగించాడు. మల్లమ్మ ఎక్కింది, దిగింది. మళ్ళీ ఎక్కింది. "రేకుల మీద చల్లటి సున్నం గూడ కొట్టాలె," అంది. ఒప్పుకుందని అర్థం.

ఆదివారం వంశీ వచ్చేసరికి రాజయ్య కుర్చీలు వేసి సిద్ధంగా ఉన్నాడు. అజయ్ గోడకు ఆనుకుని, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"వంటశాల మేడ మీద పెడితే సిలిండర్లు ఎవడు మోస్తడు, అన్నం గుండిగలు ఎవడు దింపుతడు? కింది పోర్షన్ ఇస్త, కొత్త సంవత్సరానికే ఇస్త. అయితే నేను చెప్పినట్టు రాయాలె," అన్నాడు రాజయ్య.

వంశీ కళ్ళు మెరిశాయి. "చెప్పు కాకా."

"మూడేండ్ల మీద అయిదు నెలలు. మే ఆఖరుకు ముగియాలె. రిజిస్ట్రేషన్ చేయించాలె. పొగ గొట్టం మిద్దె దాటి పైకి పోవాలె."

"వంటింటికి గూడ పరీక్షలుంటయా? మే ఎందుకు?"

"నీ దగ్గర వండేటోళ్ళు ఈ సందులల్లనే కిరాయికి దిగుతరు. వాళ్ళకు పిల్లలుండరా?"

వంశీ తల గోక్కున్నాడు. "సరే, రాయి. పది నెలల అడ్వాన్సు మాత్రం తెచ్చిన."

"రెండు."

"కాకా, నేనిస్తుంటే..."

"రెండే."

అజయ్ ఇక ఆగలేకపోయాడు. "ఆయన ఇస్తనంటే నీకేం నొప్పి నాయినా?"

రాజయ్య కొడుకు వైపు తిరిగాడు. "ఇటు చూడు. పది నెలల పైస పట్టుకుంట, నీ కారుల పెడ్త. రేపు వీళ్ళు పొగ ఎల్లగొట్టిన్రనుకో, పైనోళ్ళను పరేషాన్ చేసిన్రనుకో. ఖాళీ చెయ్యి అనాలంటే ముందు ఆ పైస ఇయ్యాలె. ఏడికెల్లి తెస్త? నా ఇంట్ల నాకు నోరు లేకుండ పోతది. ఆ పైస తీసుకున్ననాడే ఇల్లు ఆయనదైతది. అడ్వాన్సు మన పైస కాదురా. కిరాయి మనది. ఆ కిరాయి నెలనెల నీ బండి కిస్తీకి కట్టుకో. కిస్తీ మూడేండ్లు, కిరాయి మూడేండ్లు."

"మరి ఆ అయిదు నెలలు?" అంది మల్లమ్మ లోపలి నుంచి.

"అవి నీ మోకాళ్ళకు."

వంశీ పకపకా నవ్వాడు. అజయ్ మాత్రం గోడ వదిలి తండ్రి దగ్గరికి వచ్చాడు. "మీరేడుంటరు?" అని అడిగాడు. అప్పటిదాకా అతనికి ఆ సంగతి తోచలేదు. రాజయ్య వేలు పెట్టి పైకి చూపించాడు. ఆ పూట అజయ్ ఇంట్లో అన్నం తిన్నాడు. ఎక్కువ తినలేదు గానీ తిన్నాడు.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో చిన్న చిక్కు వచ్చింది. వేలిముద్రల యంత్రం రాజయ్య వేళ్ళను పట్టుకోలేదు. ఒక్కో వేలూ తుడిచి పెట్టించారు, లాభం లేకపోయింది.

"ఏం పని చేసేవారండీ?" అని అడిగాడు గుమస్తా.

"సిమెంటు తిన్నది సారూ. మాదాపూర్ పునాదులల్ల ఉన్నయి నా వేలిముద్రలు, ఆడ తీసుకోండ్రి," అన్నాడు రాజయ్య, అందరికీ వినబడేలా. ఎడమచేతి చిటికెన వేలు ఎలాగో పడింది. సంతకం దగ్గర మాత్రం ఆగలేదు. ఇంటిపేరుతో సహా, గోడ మీది గుండ్రటి అక్షరాల్లో రాసి, కలం మూత పెట్టి మరీ ఇచ్చాడు.

అజయ్‌కు కొత్త కారు రాలేదు. చేతులు మారిన తెల్ల కారు వచ్చింది. కొన్నాళ్ళు గొణిగాడు. కానీ ఇనుప మంచం భుజాన మోసి మిద్దె ఎక్కించింది అతనే.

మార్చి వచ్చింది. పరీక్షలున్న రోజుల్లో పొద్దున రసజ్ఞ మెట్లు దిగుతుంటే మిద్దె మీది నుంచి రాజయ్య కేక వేసేవాడు.

"హాల్ టికెట్!"

రసజ్ఞ దాన్ని తీసి పైకెత్తి చూపించేది. గేటు దగ్గర తెల్ల కారు అద్దం దించి అజయ్ విసుక్కునేవాడు. "ఉన్నది నాయినా! నేను చూసిన! ఆలస్యమైతున్నది, ఎక్కు పాపా."

ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం ఉమాశ్రీ మిద్దె మీదికి వచ్చింది. రాజయ్య నీలం రంగు డబ్బా మూత తీసి కర్రతో కలుపుతున్నాడు. గోడ మీది రాత వెలిసిపోయిందట.

"బాబాయ్ గారూ, మే వస్తోంది కదండీ. రసజ్ఞను ఇక్కడే దగ్గర్లో ఇంటర్‌లో వేద్దామనుకుంటున్నాం. ఇంకో రెండేళ్ళు ఉండొచ్చా అని..."

రాజయ్య కర్రకు అంటిన రంగును డబ్బా అంచుకు వదిలించి లేచి నిలబడ్డాడు.

"ఉండమ్మా. జూలై నుంచి కాగితం రాయిద్దం. జూన్ నోటి మీద."