ఎముకలాయనకు అర టికెట్టు

“నా బిడ్డ ఇంక జన్మలో ఆ గుమ్మం తొక్కదేమో పెద్దాయనా.”

ఆదిమూలం ఇంటికి సుజన వచ్చింది ఈ మాట చెప్పడానికి కాదు. పలమనేరు దారిలో జెస్యూట్ ఫాదర్లు నడిపే విశ్వవిద్యాలయంలో ఆమె జంతుశాస్త్రం చెబుతుంది. స్వర్ణోత్సవ సంచికకు మ్యూజియం చరిత్ర రాయమన్నారు. ఆ మ్యూజియాన్ని ముప్పై ఎనిమిదేళ్లు చూసుకున్న అటెండరు ఆదిమూలం. కానీ నోరు తెరవగానే బిడ్డ సంగతే వచ్చింది. నాలుగేళ్ల ఐశ్వర్య మొన్న అద్దాల బీరువాలో అస్థిపంజరాన్ని చూసి కెవ్వుమంది. పిల్లల్ని చూసుకునే గది ఆ మ్యూజియం భవనంలోనే ఉంది. సోమవారం నుంచి క్లాసులు. బిడ్డ లోపలికి రాకపోతే సుజన ఉద్యోగం మానాల్సిందే.

ఆదిమూలం నవ్వాడు. “నేను మాత్రం తొక్కినానా మేడమ్మా? మూడు దినాలు బయటే కసువు ఊడ్చుకుంటా ఉండిపోయినాను.”

అప్పటికది రెండు రేకుల షెడ్ల కాలేజీ. పందొమ్మిదేళ్ల ఆదిమూలాన్ని ఒక ఫాదరు మద్రాసు పంపి పెట్టె తెమ్మన్నాడు. అందులో ఏముందో చెప్పలేదు. చిత్తూరు బస్సులో గతుకులకు తాడు తెగి, పెట్టెలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

“కండక్టరు నన్ను పట్టుకున్నాడు. మనిషైతే టికెట్టు, సామానైతే లగేజీ, ఇదేందో చెప్పప్పా అని. బస్సంతా రెండు జట్లయిపోయింది. ఆఖరికి ఒక ముసలామె, మడిచి పెట్టిండారు కదా, అర టికెట్టు కొట్టు నాయనా అనింది.”

విశ్వవిద్యాలయం రికార్డుల్లో ‘అస్థిపంజరం ఒకటి’ అని మాత్రమే ఉంది. సుజన కడుపుబ్బ నవ్వింది. “మరి మీ భయం ఎట్లా పోయింది?”

“ఫాదరు కుంచె ఇచ్చి, దుమ్ము దులిపి ఎముకలు ఎంచి చెప్పమన్నాడు. మొదటి వారం పాదాలతో సరి. పక్కటెముకలు దాటి చేతుల కాడికి వచ్చేసరికి, చిటికెన వేలి ఎముక ఒకటి బస్సులోనే పోయిందని నేనే కనిపెట్టినాను.”

శనివారం ఆదిమూలం కూడా మ్యూజియానికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఐశ్వర్య తల్లి చీర కుచ్చిళ్లలో దూరింది. “భయం లేదమ్మా, అది ఏమీ…” అనబోయిన సుజనను ఆయన కళ్లతోనే ఆపి, లోపలికెళ్లి బీరువా తలుపు తీశాడు.

“అమ్మణ్ణీ, ఈ ఎముకలాయన కాళ్లకి దుమ్ము పట్టిండాది. నాకు నడుము వంగదు. వేళ్లు ఎన్నుండాయో ఎంచి చెప్తావా?”

ఐశ్వర్య కుచ్చిళ్ల చాటునుంచి ఆ పాదాల వైపు తొంగి చూసింది. తర్వాత, “చెప్పులు లేవా?” అంది.

“యాడనో పోగొట్టుకున్నాడు.”

ఆయన ఇచ్చిన కుంచె పట్టుకుని రెండడుగులు వేసింది. ఐదు వరకు ఎంచింది. రెండో కాలు కూడా ఎంచాలని ఎవరూ చెప్పకుండానే అటు తిరిగింది. సోమవారం తల్లికంటే ముందు మెట్లెక్కింది.

నెల తర్వాత బిడ్డకు జ్వరం వస్తే సుజన ఎప్పటిలా భయంతో ఫోనులో రోగాల పేర్లు వెతకలేదు. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ కూర్చుంది. ఆ శనివారం ఆదిమూలం వెళ్తూ వెళ్తూ ఆమెకు చెప్పింది అదే: “భయపడద్దని ఎవరికీ చెప్పొద్దు మేడమ్మా. చేతికి ఒక పని ఇయ్యండి. బిడ్డకైనా, మీకైనా.”