నర్సవ్వ కూర్చున్న చెక్క

“ఆ చెక్క మీద చెయ్యేసినవంటే మర్యాద ఉండదు శీనూ!”

“చెయ్యెయ్యకుంటే నీళ్లు ఆగుతయా అవ్వా? పుచ్చిందే గది. గదొక్కటి తీసేసి ఫైబర్ ఏస్త అంటున్న. పడవనే పారేస్త అంటున్ననా?”

“పుచ్చింది నీ తలకాయ. గిప్పుడే గద నీళ్లల్లకు దించింది. రాత్రంత తాగనియ్యి, పొద్దుగాల మాట్లాడుదం.”

“తాగనియ్యి, తాగనియ్యి! గదేమన్న కల్లు ముంతనా? లోపటికి సూడు, మోకాలిబంటి అచ్చినయ్ నీళ్లు. పొద్దుగాల గూడ గిట్లనే ఉంటే నేను ముట్ట. కొత్త పడవ మాట్లాడుకుంట. దీన్ని నువ్వు పొయ్యిల పెట్టుకో.”

నా కొడుకు అంత మాట అని, నీళ్లు తోడే డబ్బాను పడవలోకి విసిరేసి ఒడ్డెక్కి వెళ్లిపోయాడు. గంభీరావుపేట అవతల మానేరు ఆనకట్ట వెనక నీళ్లలో, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నేనొక్కదాన్నే నిలబడ్డాను. మిరుగం కార్తె వచ్చి, వానగాలి మొదలైంది. మొహం తుడుచుకుందామని చెయ్యి పైకెత్తితే గుగ్గిలం వాసన కొట్టింది. గుగ్గిలాన్ని నూనెలో కాచి, నూలుకు పట్టించి, పడవ చెక్కల సందుల్లో కుక్కితే చేతులకు అంటుకునే వాసన అది. సబ్బు పెట్టి రుద్దినా పోదు. ఏటా వానలకు ముందు ఆ వాసన వస్తుంది, దాని వెనకే నర్సవ్వ వస్తుంది. బతికి ఉన్నప్పుడు కూడా అంతే, పిలవకుండానే వచ్చేది.

శీనుకు పని రాదని నేను అనను. దుబాయిలో పడవలు చేసే కార్ఖానాలో ఏళ్ల తరబడి ఫైబర్ పని చేసి వచ్చినవాడు. చెక్క పుచ్చిందంటే ఊరికే అనడు. కానీ ఆ చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి నేను ఎన్నడూ చెప్పలేదు. వాడు పుట్టకముందు సంగతి.

మా ఆయన మస్కట్ పోయిన ఏడు ఎండాకాలం మా పడవ ఒడ్డు మీదే పడి ఉంది. ఎండకు చెక్కలు ముడుచుకుపోయి, సందుల్లో చిటికెన వేలు పట్టేటట్టు అయింది. మా బావ, అంటే మా ఆయన అన్న, దాన్ని ఇటుక బట్టీకి కట్టెల కింద ఇచ్చేద్దామన్నాడు. మా అత్త సరేనంది. మా ఇళ్లలో ఆడవాళ్లు వలలు అల్లుతారు, చేపలు అమ్ముతారు. తెడ్డు పట్టరు. పడవ లేని ఇంటికి వల వేసే వంతు ఉండదు. పడవ పోతే మా వంతు పోతుంది. ఆ తర్వాత నేను బతికినన్నాళ్లూ ఇంకొకరి చేపలు గంపలో పెట్టుకుని తిరగాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకోవడం తప్ప ఏమీ చేయలేదు.

నర్సవ్వది మా వెనక ఇల్లు, నాకు వరసకు అత్త. ఆమె పుట్టింది ధర్మపురి దిక్కు, గోదావరి ఒడ్డున. తండ్రి రేవు పడవ నడిపేవాడట. పొడుగు మనిషి, ఎండిన మనిషి, నోట్లో చుట్ట. ఆ రోజు ఎవరూ పిలవకుండానే ఒడ్డుకు వచ్చి, బోర్లించి ఉన్న పడవ మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ ఒక్కో చెక్కకూ చెవి పెట్టి వింది. కుండ కొనేటప్పుడు మనం ఎలా కొట్టి చూస్తామో అలాగే.

“ఏం జూస్తున్నవ్ నర్సవ్వా, పెండ్లి సంబంధమా?” అని మా బావ వెటకారం చేశాడు.

“పెండ్లి సంబంధమైతే గింత సూడకపోదును. ఇది బతికున్న పడవ రాజయ్యా. ఒక్క చెక్కనే సచ్చింది. మిరుగం దాక ఆగు. గప్పటికి తేలకుంటే నేనే మోసుకపోయి బట్టీల ఏస్త.”

“ఎవలు చేస్తరు దీని పని? నువ్వా?”

“గీ పిల్ల చేస్తది,” అని నా వైపు చూపించింది.

నన్ను ఎవరూ అడగలేదు. తమ్ముణ్ని చంకనేసుకునే వయసు వచ్చేదాకానే నేను బడికి పోయాను. అక్షరాలు కూడబలుక్కుని చదవడం, పేరు రాయడం అక్కడ వచ్చాయి. పని నేర్పిన పంతులు మాత్రం నర్సవ్వే. కొట్టలేదు. తిట్టింది, బాగా తిట్టింది. నేను తర్వాత నా పిల్లలను తిట్టిన తిట్లన్నీ అక్కడ నేర్చుకున్నవే.

సందులు నింపడానికి నూలు కావాలి. సిరిసిల్లలో సాంచెలు నడిపే ఒక ఇంటికి నేను చేపలు వేసేదాన్ని. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఆ ఇంటి సుగుణక్కకు చేపలిచ్చి, బదులుగా సాంచెల కింద పడిన చిక్కు నూలు ముల్లె కట్టించుకున్నాను. ఊరికే పారేసేది కదా, పెద్ద ముల్లెనే కట్టింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని, గర్వంగా తెచ్చాను. నర్సవ్వ దాన్ని విప్పి, పిడికెడు పిడికెడు తీసి, ఒక్కో పోగుకు అగ్గిపుల్ల అంటించింది. కాలి బూడిదైన నూలును ఒక పక్కకు పెట్టింది. ముడుచుకుని నల్లటి పూసలా గట్టిపడిన దాన్ని విసిరేసింది. ముల్లెలో సగానికి పైగా విసిరేసింది.

నాకు ప్రాణం ఉసూరుమంది. “పారేస్తవా అత్తా? అంత దూరం నుంచి మోసుకచ్చిన.”

“నువ్వు మోసుకచ్చినవని నీళ్లకు తెలుస్తదా? గిది పాలిస్టరు. తడిస్తే ఉబ్బదు. పత్తి నూలు ఉబ్బుతది. ఉబ్బితేనే సందు మూస్కపోతది.”

ఆమె చూడకుండా ఆ పాలిస్టరు పోగులన్నీ ఏరి దాచుకుని, తర్వాత దిండులో కూరాను. చూసే ఉంటుంది. ఏమీ అనలేదు. ఒక చోట పనికిరానిది ఇంకోచోట పనికొస్తే ఆమెకు కోపం ఉండేది కాదు.

నూలును పేనడం, గుగ్గిలంలో ముంచడం, మొద్దు ఉలి పెట్టి సుత్తితో సందులోకి దించడం నా వంతు. పక్కన కూర్చుని చుట్ట కాల్చడం ఆమె వంతు. దెబ్బ గట్టిగా పడితే “పామును సంపుతున్నవా?” అనేది. మెల్లగా పడితే “జోకొడుతున్నవా?” అనేది. బాగుంది అన్న మాట ఆమె నోట రాలేదు. ఏమీ అనకుండా చుట్ట కాల్చుకుంటుంటే బాగున్నట్టని నేనే తెలుసుకున్నాను.

చచ్చిన చెక్కను ఊడదీసిన రోజు, దాని స్థానంలో వేయడానికి మంచి చెక్క దొరకలేదు. సాయంత్రానికి నర్సవ్వ ఒక టేకు చెక్కను నెత్తిన పెట్టుకుని వచ్చింది. చూడగానే గుర్తుపట్టాను. ఆమె ఇంటి ముందు రెండు రాళ్ల మీద ఉండే చెక్క అది. పొద్దున చాయ్ తాగేది దాని మీదే, సాయంత్రం జుట్టు దువ్వుకునేది దాని మీదే. ఆమె భర్త పోయాక మరుదులు పడవను అమ్ముకుంటే, దానిలోంచి ఆమెకు మిగిలింది ఆ చెక్క ఒక్కటే. ఆ సంగతి మా వాడలో తెలియనివాళ్లు లేరు.

“అత్తా, గది నువ్వు కూసునేది గద.”

“కూసునుటానికి నేల లేదా?” అంది. అంతే. కొలత పెట్టు, చీకటైతున్నది అంది.

మిరుగం వచ్చింది. పడవను తోసుకుంటూ లోతు లేని చోట దించాం. దించీ దించగానే అన్ని సందుల నుంచీ నీళ్లు చిమ్మాయి. వీపు వంగేదాకా చేసిన పని అంతా కళ్ల ముందే మునిగిపోతోంది. ఒడ్డు మీద మా బావ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను డబ్బా తీసుకుని పిచ్చిదానిలా నీళ్లు తోడుతూ ఏడుస్తున్నాను. నర్సవ్వ వచ్చి నా చేతిలోంచి డబ్బా గుంజుకుంది. పైగా పడవ పూర్తిగా మునిగేటట్టు నాలుగు బండలెత్తి లోపల వేసింది.

“ఏమే, ఏం పుట్టి మునిగిందని ఏడుస్తున్నవ్? ఎండకాలమంత దాన్ని ఎండవెట్టిరి. దూపయ్యింది. తాగనియ్యి. తాగి ఉబ్బితే అదే మూస్కుంటది.”

“మూసుకోకపోతే?”

“తెల్లారి కొట్టి సూడు. తాగని చెక్క ఉంటే అది సచ్చిన చెక్క. దాన్ని తీసెయ్యాలె. నాదైనా సరే.”

తెల్లవారి బండలు తీసి, నీళ్లు తోడి చూస్తే పడవ తేలింది. సందుల్లో చెమటలాంటి తడి తప్ప ఏమీ లేదు. నర్సవ్వ చెక్క అన్నిటికంటే గట్టిగా పట్టుకుంది. మా బావ వచ్చి చూసి, పడవ అంచు మీద చేయి వేసి, బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. బట్టీ మాట ఆ తర్వాత మా ఇంట్లో రాలేదు.

మా ఆయన వంతుకు నేనే తెడ్డు పట్టాను, నాలుగు దినాలకే నా భుజాలు పట్టేశాయి. రానూ పోనూ తెడ్డు వేయడం నా వల్ల కాలేదు. అప్పుడు నర్సవ్వ తెరచాప కడదామంది. మానేరు మీద తెరచాప పెట్టినవాళ్లు మా వైపు లేరు. సుగుణక్కను అడిగి, నేతలో చెడిపోయి పక్కన పడేసిన గుడ్డ తెచ్చి, వల అల్లే సూదితో అంచులు కుట్టాం. వెదురు బొంగును నిలబెట్టాం. వలల దగ్గరికి తెడ్డు వేసుకుని పోవాలి, వచ్చేటప్పుడు గాలి తోసుకొస్తుంది. మగవాళ్లు నవ్వారు. చీర ఆరేసుకుందన్నారు. మరుసటి ఏడు ఇద్దరు వచ్చి కొలతలు అడిగారు.

మొదటిసారి గాలి పట్టినప్పుడు, చేతులు ఖాళీగా ఉంటే చేపలు ఏరుకోవచ్చని తెరచాప తాడును పడవలో కూర్చునే పీటకు ముడివేశాను. నడుమ నీళ్లలో ఒక్కసారిగా గాలి విసిరింది. పడవ పక్కకు ఒరిగి అంచు దాకా నీళ్లు వచ్చాయి. నా ఎదురుగా కూర్చున్న నర్సవ్వ కత్తితో తాడు కోసింది. తెరచాప రెపరెపలాడింది, పడవ లేచింది. ఆమె గుడ్డలన్నీ తడిసి ఉన్నాయి, చుట్ట మాత్రం నోట్లోనే ఉంది.

“తాడు ఎన్నడు ముడెయ్యకు. చేతుల పట్టుకో. గాలి ఏమన్న నీ మొగుడా, చెప్తే ఇనుటానికి?”

“మొగుడు మాత్రం ఇంటడా అత్తా?”

“గందుకే చేతుల పట్టుకొమ్మన్న!” అని ఆమె నవ్వింది. పళ్లు కనిపించేటట్టు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చివరి రోజుల్లో ఆమెను తమ్ముడి కొడుకు కోరుట్ల తీసుకుపోయాడు. బస్సు పట్టుకుని చూడడానికి పోయాను. కొత్తగా కట్టిన ఇల్లు, సిమెంటు వాసన, మంచంలో ఆమె. మాట బాగా తగ్గింది. నన్ను చూసి “పడవ తాగుతున్నదా?” అని అడిగింది. తాగుతున్నదన్నాను. చేతి కణుపుతో మంచం పట్టె మీద టక్కుమని కొట్టి, చెవి అటు తిప్పి, నా వైపు చూసి, చచ్చిన చెక్క అన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇద్దరం నవ్వుకున్నాం. మళ్లీ నేను పోయేసరికి ఆమె లేదు.

ఆమె నేర్పింది నేను పడవ దగ్గరే వాడి ఊరుకోలేదు. మా ఆయన మస్కట్ నుంచి వచ్చి, ఊళ్లో ఇమడలేక ప్రతిదానికీ కసురుకున్నన్నాళ్లు ఎదురు మాట్లాడలేదు. శీను దుబాయి నుంచి వచ్చి, నెలల తరబడి మంచం దిగకుండా గోడ చూస్తూ పడుకుంటే, వాడకట్టంతా తలా ఒక మాట అంది. పని చెప్పమంది, మందలించమంది. నేను గంజి పెట్టి ఊరుకున్నాను. ఎండిపోయి వచ్చాడు, తాగనియ్యి అనుకున్నాను. ఒక పొద్దున వాడే లేచి, పడవ ఎక్కడుందే అవ్వా అని అడిగాడు. ఆ రోజు నేను దేవుడికి దండం పెట్టలేదు. కోరుట్ల దిక్కు తిరిగి పెట్టాను. మా ఆయన ఇప్పుడు లేడు. వంతు ఉంది, పడవ ఉంది, దాన్ని నడిపే కొడుకు ఉన్నాడు. నా కళ్లకు ఇవన్నీ ఆ చెక్క మీదే నిలబడినట్టు ఉంటాయి. అందుకే దాని మీద వాడు చెయ్యి వేస్తే కసిరాను.

నిన్న సాయంత్రం వాడు వెళ్లిపోయాక నేనే బండలెత్తి పడవలో వేశాను. నర్సవ్వ నాలుగు వేసింది, నాకు రెండే చేతనయ్యాయి. అవే సరిపోయాయి.

తెల్లవారి నేను పోయేసరికి శీను నా కంటే ముందే వచ్చి నీళ్లు తోడుతున్నాడు. బండలు దించాడు. పడవ తేలింది. సందులన్నీ మూసుకున్నాయి. వాడు వేలు పెట్టి ఒక్కో సందునూ తడిమి చూసి, “నిజంగనే తాగిందే అవ్వా,” అన్నాడు. వెనక వైపు అడుగున మాత్రం నీళ్లు సన్నగా ఊరుతున్నాయి. ఆ చెక్క దగ్గరే. శీను చూసి, నాకు చోటిచ్చి పక్కకు జరిగాడు. నేను వంగి వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టాను. ఇంకోచోట కొట్టాను. మొదటి చోటికే వచ్చి మళ్లీ కొట్టాను. తడి మట్టిని కొట్టినట్టు ఉంది చప్పుడు.

“తీసెయ్,” అన్నాను.

“నిన్న గంత లొల్లి చేస్తివి?”

“నిన్న తాగలేదు. గిప్పుడు పడవంత తాగింది, గిదొక్కటే మూస్కోలే. తీసెయ్ బిడ్డా.”

పడవను ఒడ్డుకు లాగి బోర్లించాం. వాడు మేకులు వదులు చేసి చెక్కను మెల్లగా, విరగకుండా తీశాడు. మెల్లగా తీయమని నేను చెప్పలేదు. తర్వాత ఫైబర్ గుడ్డ తేవడానికి జగిత్యాల బస్సెక్కాడు. నేను చెక్కను కడిగి ఇంటికి తెచ్చి, ముందర రెండు రాళ్ల మీద పెట్టాను. ఒక అంచు మెత్తబడింది, మిగతాది గట్టిగానే ఉంది. దాని మీద కూర్చుని, వంగిన మేకులను ఒక్కొక్కటిగా సుత్తితో సాపు చేసి డబ్బాలో వేసుకున్నాను.