మూతేసిన పైపు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళ పక్కన కూర్చుని నేను టీ కూడా తాగేవాణ్ణి కాదు. ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పంపుహౌసు డ్యూటీ చేసి రిటైరయ్యాను. ప్రెజర్ అంటే నాకు గేజీలో ముల్లు. ముల్లు లేచిందంటే కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్కసారి మాత్రం దొరకలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

మా అమ్మాయి సుజాత, అల్లుడు గోపాలపట్నంలో ఒక మేడ ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పై వాటాలో ఇంటి ఓనరు. చేరిన వారానికే అమ్మాయి ఫోన్ చేసింది. వెనక బాత్రూములో కుళాయి తిప్పితే నీళ్ళు ఎదురు గోడకు కొడుతున్నాయట, చెయ్యి పెడితే ఆ ధాటికి మండుతోందట. ఓనరుకి చెబితే "సిన్నగా తిప్పుకోండమ్మా" అన్నాడు. మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అదే మాట.

నాలుగో వారం, పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే, ఆ కుళాయి తలకాయ ఊడొచ్చి అమ్మాయి కంటి కింద కొట్టింది. మూడు కుట్లు. ఇంకొంచెం పైన తగిలుంటే కన్నే పోయేది.

ఆస్పత్రి నుంచి తిన్నగా ఓనరు గుమ్మం ముందుకెళ్ళి నిలబడ్డాను. "మేడ మీద పెద్ద పంపు పెట్టి, కింద పాత పైపులే ఉంచేశారు. అవునా కాదా?" అని అరిచాను.

"పంపేటీ నేదండీ. కావాలంటే ఎక్కి సూసుకోండి."

ఎక్కాను. నిజంగానే లేదు. ఉత్త ట్యాంకు.

నీళ్ళు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక కేజీ ప్రెజర్ వస్తుంది. ఆ ట్యాంకు అంత ఎత్తులో కూడా లేదు. వంటింటి కుళాయికి గేజీ బిగించాను. ముల్లు ముప్పావు కేజీ దగ్గర ఆగింది. ఉండాల్సినంతే. వెనక బాత్రూములో కొత్త కుళాయి పెట్టించి అదే గేజీ బిగిస్తే ఆరు. గేజీ పాడైందనుకుని ఇంకొకటి కొన్నాను. అదీ ఆరే.

మర్నాడు మా బావమరిది నూకరాజుని తీసుకెళ్ళాను. కూర్మన్నపాలెంలో ప్లంబరు. ప్రెజర్ తగ్గించే వాల్వు బాత్రూము లైను మీద బిగిద్దామని మా ఆలోచన. ముందు మేడ మీద లైను కట్టేసి, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేశాం. వంటింటి కుళాయి గురగురమని ఆగిపోయింది. బాత్రూములో ముల్లు మాత్రం ఆరు మీదే ఉంది.

వీధి లైను నుంచి దొంగ కనెక్షన్ ఇచ్చాడనుకున్నాను. గోడ పగలగొట్టమన్నాను.

నూకరాజు టైల్సు ఊడదీశాడు. కుళాయి వెనక పైపు రెండడుగులు కిందికి దిగి, అక్కడ తెగి ఉంది. చివర జిగురుతో అంటించిన పాత మూత. మూత చుట్టూ చెయ్యి తిరిగేంత తవ్వించాను. ఇంకే పైపూ వచ్చి కలవలేదు.

"బావా, దీనికి లైనే నేదు," అన్నాడు నూకరాజు. "నీళ్ళెలాగొత్తన్నాయి?"

"తిప్పు," అన్నాను.

తిప్పాడు. నీళ్ళు గోడకు కొట్టాయి. ఆ రెండడుగుల పైపులో గ్లాసుడు నీళ్ళు కూడా పట్టవు. మా కళ్ళ ముందే మూడు బకెట్లు నిండాయి. నాలుగోది పెట్టబోతుంటే నూకరాజు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒద్దు బావా. ఎల్లిపోదాం పద."

రెంచీ అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. ఇప్పటిదాకా దాని గురించి అడగలేదు.

చప్పుడుకి ఓనరు దిగొచ్చాడు. పగిలిన గోడ వంక చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"మళ్ళీ తవ్వేసేరేటండీ? ఇదివరకున్నోళ్ళూ ఇలాగే గోల పెడితే నానే కోయించి మూతేయించేను. ఆగనేదు. నన్నేటి సెయ్యమంతారు?"

నా చెయ్యి లేచింది. సుజాత మధ్యకు రాకపోతే కొట్టేవాణ్ణే. కట్టు పైన దాని కన్ను వాచి మూసుకుపోయి ఉంది. వాడికి తెలుసు. తెలిసే ఇల్లిచ్చాడు. తెలిసే మా అమ్మాయిని చిన్నగా తిప్పుకోమన్నాడు.

ఆ రోజే సామాను ఎత్తించేశాను.

తర్వాత తెలిసిన ఇంజనీర్లను అడిగాను. పైపులో గాలి ఇరుక్కుని ఉంటుందన్నాడు ఒకాయన. గాలి మూడు బకెట్ల నీళ్ళవుతుందా? ఇంకొకాయన నేను సరిగ్గా చూసి ఉండనన్నాడు. ఆయనతో మాట్లాడడం మానేశాను.

పోయిన నెల అటు వెళితే గేటుకి టులెట్ బోర్డు ఉంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి ఇల్లు చూసుకుని బయటికొస్తోంది. వాళ్ళను ఆపి జరిగిందంతా చెప్పాను. ఆ అబ్బాయి ఓపిగ్గా విని నవ్వాడు.

"ఇప్పుడు మేమున్న సోట బకెట్టు నిండడానికి గంట పడతాదండీ. ప్రెజరుంటే మంచిదే కదా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. "మరి ఆ నీళ్ళు ఎక్కణ్ణించొత్తన్నాయండీ?" అని అడిగింది.

"తెలీదమ్మా," అన్నాను.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అడ్వాన్సు ఇవ్వడానికి మళ్ళీ లోపలికెళ్ళి, ఓనరు వాటాకి మెట్లెక్కారు.