అత్తయ్య నాలుక

మా అత్తగారు చాయ్ ఫెంగ్‌యింగ్ నలభై ఏళ్లుగా గోదురుకప్పల పాలు తీసేది. యాంగ్జీ నది సముద్రంలో కలిసే మా వైపు ఆ పని తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు గాని, ఆమెంత మొండిమనిషి ఇంకొకరు లేరు. కప్పని ఎడమచేత్తో పట్టుకుని, చెవుల వెనక గడ్డల్ని రాగి పటకారుతో నొక్కితే తెల్లటి పాలు వస్తాయి. పిండిన కప్పకి తడి తగిలితే పుండు పడుతుందని, కొన్నాళ్లు పొడిచోట ఉంచి గాని వదిలేది కాదు. అంత జాలి కోడలి మీద ఎన్నడూ చూపలేదు.

ఎండిన పాలు గోధుమరంగు బిళ్ళలవుతాయి. గుండె మాత్రల్లో వేస్తారని మందుల వ్యాపారి వచ్చి కొనుక్కుపోతాడు. సరుకు మంచిదో కాదో అత్తయ్య నాలుకే చెప్పాలి. బిళ్ళ అంచు నాలుక కొసకి తాకించి వెంటనే ఉమ్మేస్తుంది. తిమ్మిరెక్కితే మంచి సరుకు.

ఒక వేసవిలో ఆమెకి గుండెదడ వచ్చింది. డాక్టరు రోజుకో మాత్ర రాసిచ్చాడు. వ్యాపారి వచ్చే రోజు పొద్దున్నే బిళ్ళలు ముందేసుకుని కూర్చుంది.

"ఇదీ తిమ్మిరెక్కడం లేదు పిల్లా. సరుకంతా పాడైనట్టుంది."

"ఎన్ని నాకారు అత్తయ్యా?"

"లెక్కపెట్టడానికి వచ్చావా? నీళ్లు తే."

నీళ్లు తెచ్చేసరికి వాంతి చేసుకుని గోడకి ఆనుకుని ఉంది. అన్నీ పచ్చగా కనిపిస్తున్నాయంది. నాడి పట్టుకున్నాను. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎంత ఎడమంటే, ఇక కొట్టదేమో అనుకున్నాను. మూడుచక్రాల బండిలో ఆస్పత్రికి తీసుకెళ్తున్నంతసేపూ ఆ మణికట్టు వదల్లేదు.

"ఏం తిన్నారు?" అనడిగాడు డాక్టరు.

"గంజి," అంది అత్తయ్య. నా చెయ్యి గిల్లి, "నోరు మూసుకో. సరుకు పాడైందని తెలిస్తే మన గడప ఎవరూ తొక్కరు," అంది మెల్లగా.

ఆమెకి ఎదురు చెప్పడమంటే నాకు వణుకు. అయినా పొద్దున్నుంచీ బిళ్ళలు నాకుతూనే ఉందని చెప్పేశాను. డాక్టరు మొహం మారిపోయింది.

"ఈమెకి రాసిచ్చిన మాత్ర చేసే పనే కప్పపాలూ చేస్తాయమ్మా. రెండూ కలిస్తే గుండె ఆగిపోతుంది. ఈ పాలతో కణుతులకి మందు చేద్దామని చూసేవాళ్లకీ ఇదే భయం," అంటూ విరుగుడు ఎక్కించాడు.

నాలుగు రోజులకి ఇంటికొచ్చాం. ఆమె పాడైందన్న బిళ్ళల్లో ఒకటి తీసి నా నాలుకకి తాకించి ఉమ్మేశాను. క్షణంలో నోరంతా మొద్దుబారింది.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"సరుకు బాగానే ఉంది," అన్నాను, మాట తిరగక తిరగక.

ఆమె తన నాలుక కొసని వేళ్లతో గిల్లి చూసుకుంది. తర్వాత బిళ్ళల పళ్లెం నా వైపు తోసి, "ఇక నువ్వే చూడు," అంది.

పదకొండేళ్లుగా నేనే చూస్తున్నాను. బిళ్ళ తాకించిన ప్రతిసారీ భయమే. తిమ్మిరెక్కాక గాని నాకు ప్రాణం కుదుటపడదు.