ఎదురుగా ఎవరున్నారో చెప్పే ఫైలు

కుర్చీలో కాస్త వెనక్కి వాలగానే ల్యాప్‌టాప్ తెర మసకబారింది. ముందుకు వంగితే మళ్లీ వెలుతురు నా ముఖం మీద పడింది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కొలిచే చిన్న సెన్సార్ తెర పైఅంచులో ఉంటుంది. ఆ కొలతను ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ఫైలులో పెడుతుంది, ప్రోగ్రాములు అక్కడి నుంచి చదువుకుంటాయి. ఒక కంపెనీ ల్యాప్‌టాప్‌లకు ఆ ఏర్పాటు చేసిన కోడ్ నేనే రాశాను. తెర అలా మసకబారినప్పుడల్లా నాకు సక్కుబాయి మేడం గుర్తొస్తారు.

మేడంది నెల్లికుదురు దగ్గర తండా. జనగామలో మా బట్టల దుకాణానికి రెండు సందుల అవతల ఉన్న కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవారు. ఫోన్‌లో వాళ్ల అమ్మతో లంబాడీలో మాట్లాడుతుంటే వెనక బెంచీల్లో నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. ఆవిడ విననట్టే ఉండి, ఆగిన చోటి నుంచే పాఠం అందుకునేవారు. ఒకసారి పాత కంప్యూటర్‌కు దూరాన్ని కొలిచే సెన్సార్ తగిలించి, దాన్ని చదివే ప్రోగ్రాం నన్ను రాయమన్నారు. మూడు రోజులు కుస్తీ పట్టాను. చెయ్యి దగ్గరికి తెచ్చినకొద్దీ తెర మీద అంకె తగ్గుతుంటే ఒళ్లు పులకరించింది. మేడం తొందరపడి మెచ్చుకోలేదు.

"అంకె మంచిగనే వస్తున్నది. గిది ఎవరెవరు చదువుతరు?"

ఏ ప్రోగ్రామైనా చదవొచ్చని గర్వంగా చెప్పాను.

"నువ్వు ఇంట్ల ఉన్నవో లేవో బజార్ల పోయేటోళ్లందరికి చెప్తవా బిడ్డా?"

కంప్యూటర్ వాడే మనిషి ఒప్పుకున్న ప్రోగ్రాముకే ఆ అంకె అందేలా నాతో మళ్లీ రాయించారు. నాకది చాదస్తంగా తోచింది. కానీ హైదరాబాద్‌లో ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ ప్రోగ్రామే. ఇంటర్వ్యూలో అడిగిందంతా దాని గురించే.

ఉద్యోగంలో మళ్లీ అదే పని ఎదురైంది, ఈసారి నిజమైన ల్యాప్‌టాప్‌లకు. అనుమతి అడిగే భాగానికి ఇంకో వారం పట్టేది. గడువు దగ్గరపడిందని, ప్రస్తుతానికి అందరికీ తెరిచి ఉంచమని మా మేనేజర్ అన్నాడు. తర్వాత సరిచేద్దామనుకున్నాను, ఇంకో పనిలో పడి వదిలేశాను. ఆ కోడ్‌తో ల్యాప్‌టాప్‌లు అమ్మకానికి వచ్చిన రోజు మేడంకు ఫోన్ చేశాను. చాలా సంతోషించారు. పర్మిషన్ పెట్టావా అని అడిగారు. పెట్టానని చెప్పాను. అబద్ధం చెబుతున్నానన్న తడబాటు కూడా నా గొంతులో లేదు.

కొన్నాళ్లకు ఆ సెంటర్ మూతపడింది. మేడం భూపాలపల్లిలో ఒక డేటా ఎంట్రీ ఆఫీసులో చేరి, రేగొండలో గది తీసుకున్నారు. ఆ ఆఫీసువాళ్లు ఇచ్చినవి మా కోడ్ ఉన్న ల్యాప్‌టాప్‌లే. నడుం నొప్పితో మేడం ఎక్కువసేపు కూర్చోలేరు. విడి కీబోర్డు పెట్టుకుని, తెరకు దూరంగా నిలబడి టైపు చేసేవారు. సిబ్బంది సీట్లో ఉన్నారా లేదా అని కనిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఆఫీసువాళ్లు ఎవరికీ చెప్పకుండా పెట్టారు. అది నా ఫైలు చదివి, ఆవిడ నిలబడిన గంటలన్నీ సీటు ఖాళీ అని రాసుకుంది. ఆవిడ ఎంత చెప్పినా వినకుండా ఉద్యోగంలోంచి తీసేశారు.

ఒక క్లాస్‌మేట్ చెప్తే తెలిసి రేగొండ వెళ్లాను. మేడం టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డారు. ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేసే ముందు ఆ ఫైలు తెరిచి చూశారట. ఎవరు చదవడానికీ అడ్డు లేదు. ఆ ఫైలును నడిపే కోడ్ వివరాల్లో నా పేరుంది.

"పర్మిషన్ పెట్టిన అన్నవ్ గద?"

మేనేజర్ తొందరపెట్టాడని మొదలుపెట్టాను. ఆవిడ మెల్లగా తల అడ్డంగా ఊపారు.

"గది నాకు సమజైతది. నౌకరి అన్నంక తొందర ఉంటది. నాకెందుకు అబద్ధం చెప్పినవ్? వారం కూసోని ఇద్దరం కలిసి రాస్తుంటిమి."

 చల్లారిన టీ తాగేసి లేచాను.

తిరిగొచ్చి, అనుమతి అడిగే ఆ భాగం రాశాను, కంపెనీ తీసుకుంది కూడా. అయితే అమ్ముడైపోయిన ల్యాప్‌టాప్‌లు ఎన్నిటికి అది చేరిందో నాకు తెలియదు. భూపాలపల్లి ఆఫీసువాళ్లకు సెన్సార్ సంగతంతా వివరిస్తూ ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

మేడం ఇప్పుడు నెల్లికుదురులో పిల్లలకు ట్యూషన్ చెబుతున్నారు. నేను ఫోన్ చేస్తే ఎత్తుతారు. తిన్నవా అంటారు, అమ్మ ఎట్ల ఉన్నదంటారు, వానల గురించి, మిర్చి పంట గురించి చెబుతారు. ఒకసారి నా అంతట నేనే, ఆ ఫైలును సరిచేశానని చెప్పాను. "మంచిది బిడ్డా" అని మళ్లీ వానల మాటకు వచ్చేశారు. నా పని గురించి ఆవిడ ఇక అడగరు.